మత్తడి దాటిన చేప

వానలు మొదలవగానే ఆఫీసులో ఎవరో ఒకరు నా టేబుల్ దగ్గరికి వచ్చి అడుగుతారు. "ఆదివారం మీ నల్లగొండ దిక్కు చేపలు పట్టడానికి పోదామనుకుంటున్నాం. ఏ చెరువైతే బాగుంటది?" నాది మునుగోడు దగ్గర పల్లె. ఊరికి రెండు చెరువులు, నాలుగు కుంటలు ఉన్న ప్రాంతం కాబట్టి నా దగ్గర మంచి చెరువుల లిస్టు ఉంటుందని వాళ్ళ నమ్మకం. లిస్టు ఉన్న మాట నిజమే. కాకపోతే అందులో ఏడెనిమిది ఫోన్ నంబర్లుంటాయి, అంతే. "ముందు వీళ్ళలో ఎవరికైనా ఫోన్ చేయండి, చెరువు సంగతి తర్వాత చూద్దాం" అంటే సగం మంది అక్కడే ఆగిపోతారు. గాలం వేయడానికి కూడా పర్మిషనా అని నవ్విన వాళ్ళున్నారు.

ఒకప్పుడు నేనూ నవ్వాను. ఎనిమిదేళ్ళ కింద, ఏప్రిల్‌లో, నేనూ మా బావా ఇంకో దోస్తూ ఎల్బీనగర్ నుంచి కారులో బయల్దేరాం. రెండు కొత్త రాడ్లు, రీళ్ళు, రంగురంగుల రబ్బరు చేపపిల్లలు, ఒక ఐస్ డబ్బా. పట్టిన చేపలు పాడవకుండా ఐస్ డబ్బా పెట్టుకున్నామంటే మా ధీమా ఏపాటిదో చూడండి. ప్లానంతా ఫోన్‌లో మ్యాప్ చూసి చేసిందే. ఆ మ్యాప్‌లో మా జిల్లా చూస్తే ఆవాలు చల్లినట్టు నీలం చుక్కలు. వాటిలో పెద్దగా కనబడ్డ చుక్క మీద వేలు పెట్టాం. పేరు పెద్ద చెరువు. మా దగ్గర ఊరికో పెద్ద చెరువు ఉంటుందని, పక్క ఊరికి పోతే అక్కడిదీ పెద్ద చెరువేనని ఊళ్ళో పెరిగిన నాకే ఆ పూట తట్టలేదు. రెండున్నర గంటలు పోయి కట్ట ఎక్కి చూస్తే లోపల గొర్లు మేస్తున్నాయి. నెర్రెలిచ్చిన నేల మీద పిల్లలు మూడు కర్రలు పాతి క్రికెట్ ఆడుతున్నారు. ఒకడు మా రాడ్ల వంక చూసి, మా వంక చూసి, "ఏం పట్టనీకొచ్చిన్రు?" అన్నాడు.

రెండో చెరువులో నీళ్ళున్నాయి. మైదా ముద్ద పెట్టి వేస్తే గంటన్నరలో రెండు చేపలు పడ్డాయి, ఒక బొచ్చె, ఒక రవ్వ. ఫొటోలు దిగుతుండగా కట్ట మీదుగా టీవీఎస్ ఎక్సెల్ మీద ఒకాయన వచ్చాడు. బండి స్టాండ్ వేసి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నిదానంగా అడిగాడు.

"ఎవర్నడిగిన్రు సార్?"

"అడిగేదేముంది అన్నా, గవర్నమెంటు చెరువే గదా" అన్నాడు మా బావ.

"చెరువు గవర్నమెంటుదే. పిల్లల్ని పోసింది మేం."

పిల్లల్ని పోయడం ఏమిటో నాకు వెంటనే వెలగలేదు. ఆయన కోప్పడలేదు, అరవలేదు. సంచిలోంచి రెండు చేపలూ తీసి కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి పట్టుకుని కాసేపు పైకీ కిందికీ ఆడించాడు. "కిలోంబావు ఉంటయి. పట్టిన కూలి కింద పావు కిలో మీకు ఇడుస్తున్న. కిలో పైసలియ్యుండ్రి." మార్కెట్ రేటు కంటే ఒక్క రూపాయి ఎక్కువడగలేదు. మేం ఇచ్చిన నోట్లు మడిచి జేబులో పెట్టుకుని, పోతూ పోతూ, "వచ్చేటప్పుడు ఒక ఫోన్ గొట్టుండ్రి" అని నంబర్ చెప్పి పోయాడు. నా లిస్టులో మొదటి నంబర్ అదే.

కారులో తిరిగి వస్తుంటే బావ చిట్యాల దాకా గొణుగుతూనే ఉన్నాడు. బహిరంగంగా ఉన్న నీళ్ళలో తిరిగే చేప ఎవరి సొత్తు అని. ఆ ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ట్రిప్ ప్లానింగ్ అంటే నా దృష్టిలో సగం ఇదే.

మన చెరువుల్లో దొరికే పెద్ద చేపలు బొచ్చె, రవ్వ, మృగాల. ఈ మూడూ ఏటి చేపలు. వానకాలం పారే వరదలోనే గుడ్లు పెడతాయి. చెరువులో నిలవ నీళ్ళలో ఎన్నేళ్ళు బతికినా, కడుపు నిండా గుడ్లున్నా, అక్కడ పెట్టవు. వెనకటి రోజుల్లో నదుల్లో వరదకు కొట్టుకొచ్చే పిల్లల్ని వడగట్టి తెచ్చి చెరువుల్లో పోసేవాళ్ళు. 1957 జులైలో ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు చేపలకు హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించాకే హేచరీలు వచ్చాయి. ఆ రోజు గుర్తుగా ఇప్పటికీ జులై 10ని చేపల రైతుల దినంగా జరుపుతారు. దీని అర్థమేమిటంటే, మీ గాలానికి పడ్డ బొచ్చె ఆ చెరువులో పుట్టింది కాదు. ఎవరో ఒకరు దాన్ని చిటికెన వేలంత ఉన్నప్పుడు ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలో తెచ్చి, ఆ సంచిని కాసేపు చెరువు నీళ్ళ మీద తేలనిచ్చి, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి వచ్చాక మెల్లగా మూతి విప్పి వదిలారు. వరి నారు పోసినట్టే. మా వైపు రెంటికీ పోయడమనే అంటారు.

ఇది చెప్పినప్పుడు బావ వెంటనే పట్టుకున్నాడు. "2016 నుంచి చేపపిల్లల్ని సర్కారే ఉచితంగా ఇస్తోంది కదా బామ్మర్దీ? అంటే నా పన్ను పైసలే కదా? మరి నా చేపే కదా?" లెక్కల మాస్టారు ఆయన, లాజిక్ బాగానే పేర్చాడు. ఉచిత పంపిణీ ఆ ఏడాదే మొదలైన మాట నిజం. ఎండాకాలం ఎండిపోయే చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్ళుండే వాటికి 80 నుంచి 100 మిల్లీమీటర్లవి అని కొలతలతో సహా పెట్టారు. అయితే సబ్సిడీ యూరియా చల్లిన పొలంలో వడ్లు కూడా నావేనా? పిల్లలు ఉచితంగా వచ్చాక పని అయిపోదు. మత్తడికి, అంటే నిండిన చెరువు నీళ్ళు పొర్లిపోయే అలుగుకు, అడ్డంగా వల కట్టాలి, లేకపోతే మొదటి పెద్ద వానకే సగం సరుకు కింది వాగులో పడుతుంది. నీటికాకుల గుంపు దిగితే అదిలించాలి. రాత్రిళ్ళు కరెంటు తీగలు పట్టుకుని వచ్చేవాళ్ళను కాయాలి. నీళ్ళలో విషపు మందు కలపడం, తోటా పేల్చడం 1897 నాటి చట్టం నుంచీ నేరమే, అయినా ఆ పనులు ఆగలేదు. ఇవన్నీ దాటాక వాన మొహం చాటేస్తే, వేసవికి ముందే చెరువు ఎండి, అరకిలో కూడా తూగని చేపల్ని వచ్చినకాడికి అమ్ముకోవాలి. ఆ నష్టం మాత్రం ఏ పన్ను కట్టేవాడి ఖాతాలోనూ పడదు.

ఈ పని చేసేది మత్స్య సహకార సంఘాలు. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కుటుంబాలవాళ్ళే ఎక్కువ మంది సభ్యులు. ఎవరికి ఎంత హక్కు అనే గొడవలు వాళ్ళలో వాళ్ళకున్నాయి, ఆ పంచాయితీలోకి నేను తలదూర్చను. కానీ ఆదివారం సరదాకు కట్టెక్కే నాలాంటి వాడికీ, ఆ నీళ్ళ మీదే ఏడాది బతుకు పెట్టుకున్న ఇంటికీ మధ్య వాదన వచ్చినప్పుడు నేను ఎటు నిలబడాలో నాకు తెలుసు.

మరి గాలం వేసేవాడికి మిగిలేదేముంది? చాలానే ఉంది. ఎవరూ పోయకుండా చెరువులో తమంతట తాము పుట్టే చేపలున్నాయి. జెల్లలు, బొమ్మిడాయిలు, చారెడు చారెడు పరిగెలు, అన్నిటికీ మించి కొర్రమట్ట. నా ఫోన్ కాల్ ఇలా ఉంటుంది: "కాకా, బొచ్చె, రవ్వ పడితే ఇడిచిపెడ్త, లేకపోతే తూకం వేసి పైసలిస్త. కొర్రమట్టకు వస్తున్న." దానికి కూడా అన్ని సంఘాలూ ఒప్పుకోవు. బొచ్చె కంటే కొర్రమట్ట రెండింతలు మూడింతల ధర పలుకుతుంది మరి. ఒప్పుకున్న చోటికే పోతాను. ఇప్పటికి ఐదు చోట్ల ఒప్పుకున్నారు, ఒక చోట మొహం మీదే వద్దన్నారు. వద్దన్న చోట కారణం అడిగితే ఆ పెద్దమనిషి ఏమీ చెప్పకుండా అరికాలు ఎత్తి చూపించాడు. మడమ నుంచి వేళ్ళ దాకా కుట్లు. కట్ట మీద బీర్లు తాగినవాళ్ళు సీసాలు నీళ్ళలోకి విసిరి పోయారు. వల లాగేవాళ్ళు నడుం లోతు నీళ్ళలో ఉత్తకాళ్ళతో నడుస్తారన్న సంగతి కట్ట మీద పార్టీ చేసుకునే వాళ్ళకు ఎట్లా తెలుస్తుంది!

ఇక కాలం సంగతి. ఎప్పుడు పోవాలన్నది తెలియకపోతే ఫోన్ నంబరున్నా లాభం లేదు.

చెరువుకు తన క్యాలెండర్ ఉంది. జూన్‌లో వానలు పడ్డా నేల తాగేస్తుంది. మా చెరువుల్లోకి నీళ్ళు చేరేది ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే. అప్పుడు పిల్లల్ని పోస్తారు. దసరా నుంచి సంక్రాంతి దాకా అవి పెరుగుతాయి. ఆ రోజుల్లో చెరువు చూడ్డానికి ఎంత నిండుగా ఉన్నా గాలానికి పోవడం దండగ. నీళ్ళు లోతు, చేప చిన్నది, పైగా డిసెంబర్ చలికి సరిగ్గా మేత ముట్టదు. ఫిబ్రవరి నుంచి తూము కింద యాసంగికి నీళ్ళు పోతుంటే చెరువు దిగుతుంది, చేప ఒకచోటికి చేరుతుంది. మార్చి నుంచి వలలు దిగుతాయి. అందరూ కాచుకునే రోజు మృగశిర కార్తె, జూన్ 7నో 8నో వస్తుంది. ఆ రోజు చేప ముక్క తినని ఇల్లు మా వైపు తక్కువ. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఆస్తమాకని ఇచ్చే చేప ప్రసాదం కూడా ఆ కార్తెకే. అందులో మింగించేది బతికున్న కొర్రమట్ట పిల్లనే. దాని మహిమ మీద నాకు నమ్మకం లేదు గానీ ఆ వారం చేపల ధర మీద దాని మహిమ మాత్రం నేను కళ్ళారా చూశాను. కాబట్టి మే నెలాఖరులో ఏ సంఘానికీ ఫోన్ చేసి "అన్నా గాలం ఏసుకోవాల్నా" అని అడక్కండి. కోతకు వచ్చిన పొలం గట్టు మీద నిలబడి పిడికెడు కంకులు తెంపుకోనా అని అడిగినట్టుంటుంది.

నాకు నచ్చిన కాలం ఫిబ్రవరి రెండోవారం నుంచి మార్చి నడిమి దాకా. చలి పోయి, ఎండ ఇంకా ముదరని రోజులు. తెల్లవారుజామున మూడున్నరకు హైదరాబాద్‌లో బయల్దేరి, నార్కట్‌పల్లి దగ్గర చాయ్ తాగి, తెలవారేసరికి కట్ట మీద ఉండాలి. ఎనిమిదిన్నర దాటితే మూట కట్టుకోవచ్చు. ఎండెక్కిన చెరువులో చేప కోసం కూర్చోవడం కంటే ఊళ్ళోకి పోయి ఎవరింట్లోనైనా జొన్నరొట్టె తినడం మంచిది.

కొర్రమట్ట గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అది నీళ్ళలో ఉంటూ పైకొచ్చి గాలి పీల్చే చేప. తలలో దానికి వేరే ఏర్పాటుంది, అందుకే మార్కెట్‌లో అర బకెట్ నీళ్ళలో కూడా పొద్దంతా బతికుంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప అదే. పొద్దున్నే కదలని నీళ్ళ మీద, తామరాకుల అంచున చూస్తూ కూర్చుంటే "గుబుక్"మని ఒక చప్పుడు, ఒక సుడి, నాలుగైదు బుడగలు. అంతే. మళ్ళీ అదే చోట లేస్తుందని అనుకుంటే మూర్ఖత్వం. ఆ బుడగలు ఎటు వాలుగా తేలాయో చూసి, దానికి రెండు బారల ముందు గాలం వేయాలని నాకు నేర్పింది ఆ టీవీఎస్ ఎక్సెల్ కాకనే. (ఇప్పుడు ఆయన నాకు కాక అయ్యాడు. మొదటిసారి నా దగ్గర కిలో పైసలు తీసుకున్న మనిషే.)

నాలుగేళ్ళ కింద జులైలో ఆయన ఊరి కుంట ఒడ్డున ఇద్దరం కూర్చున్నాం. ఒడ్డుకు రెండు గజాల దూరంలో నీళ్ళ మీద ఎర్రగా ఒక మరక కదులుతోంది. కుంకుమ కలిపిన నూనె చుక్క పడ్డట్టు. వంగి చూస్తే మరక కాదు, అగ్గిపుల్ల ముక్కంత చేపపిల్లలు, వందల కొద్దీ, ఒకదాని మీద ఒకటి గిరగిరా తిరుగుతూ. అన్నీ ఒక్కసారే పైకొస్తాయి, నీటి తోలు వానచినుకులు పడ్డట్టు చిటపటలాడుతుంది, మళ్ళీ అన్నీ కిందికి. ఆ మంద అడుగున నల్లగా, నా మోచేయంత పొడవు, ఒక నీడ. మంద ఎటు జరిగితే అది అటు జరుగుతోంది. నా చేయి కట్టె మీదికి పోయింది. ఎందుకంటే అంతకు ముందు వారమే ఒక వీడియోలో చూశాను, ఇలాంటి మంద మధ్యలో గాలం పడేస్తే కాపలా కాసే చేప కోపంతో దాన్ని కరుస్తుంది. ఆకలి లేకపోయినా కరుస్తుంది. తప్పకుండా పడుతుంది, నేర్పేమీ అక్కర్లేదు.

కాక నా మణికట్టు పట్టుకున్నాడు. "అది మేతకు రాలే. పోరగాండ్లను కాసుకుంటున్నది. దాన్ని పడితే గడియలోపల పరిగెలు గూడ ఈ మందను నాకేస్తయి." పిల్లల్ని కాసే కొర్రమట్ట తండ్రా తల్లా అని కాకను అడిగితే నవ్వి, "నువ్వేమన్నా చుట్టరికం కలుపుకుంటవా" అన్నాడు. (ఎక్కువగా తండ్రే కాస్తుందని తర్వాత చదివాను.) అందుకే జులై, ఆగస్టులలో నేను గాలం ముట్టను. ఆ వీడియోలు చేసేవాళ్ళు చెప్పరు గానీ, అలా పట్టిన ఒక్క కొర్రమట్ట వచ్చే రెండేళ్ళ కొర్రమట్టలన్నిటికీ సమానం.

ఈ చిన్న చెరువుల గొడవంతా ఎందుకు, పెద్ద ప్రాజెక్టుకే పోతే ఎవర్నీ అడగక్కర్లేదు కదా అంటారు కొందరు. అక్కడా లైసెన్సులున్నాయి, సంఘాలున్నాయి. అదట్లుంచితే, ఒడ్డున నిలబడి గాలం వేసేవాడికి పెద్ద నీళ్ళు అచ్చిరావు. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. మట్టం దిగుతుంటే నిన్నటి ఒడ్డు ఇవాళ బండరాళ్ళ గుట్ట. చేప ఏ మూల ఉందో పుట్టి మీద తిరిగే వాళ్ళకు తెలుస్తుంది, మనకు తెలియదు. జూరాలకు పోవాల్సింది చేపలు తినడానికి. డ్యామ్ పక్కన వరసగా ఉన్న కొట్లలో కారం పట్టించి పెనం మీద వేయించి ఇచ్చే ముక్క కోసం కర్నూలు దాకా పోయేవాళ్ళు కూడా దారి మళ్ళుతారు, అందులో తప్పులేదు. కానీ కృష్ణలో మొసళ్ళున్నాయి, గేట్లు ఎప్పుడెత్తుతారో కింద రాయి మీద కూర్చున్నవాడికి తెలియదు. వనపర్తి వైపు సరళాసాగర్ అయితే వరదప్పుడు చూసి తీరాలి. నీటి మట్టం పెరిగితే మనిషి చేయి పడకుండా వాటంతట అవే పనిచేసే సైఫన్లున్న ప్రాజెక్టు అది. చూసి రండి, రాడ్ తీసుకుపోకండి.

మధ్యేమార్గంగా నేను చెప్పేది కాలువ నీళ్ళు అందే చెరువులు. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం అలాంటిదే. కందూరు చోడుల కాలం నాటి చెరువు, ఇప్పుడు సాగర్ వెనక జలాలు పుట్టంగండి దగ్గర ఎత్తిపోస్తే అక్కంపల్లి మీదుగా దీంట్లోకి వస్తాయి. వాన పడ్డా పడకపోయినా నీళ్ళు కనబడతాయి. పాలమూరు వైపు కూడా కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల కాలువలు వచ్చాక ఒకప్పుడు ఐదేళ్ళకోసారి నిండే చెరువులు చాలా వాటిలో వేసవిలోనూ నీళ్ళుంటున్నాయి. చెరువు నిండిందన్న మాటను పెళ్ళి కుదిరిందన్నంత సంబరంగా చెప్పుకునే ఊళ్ళు మావి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్‌తో, ముంబై, పుణె వలసలతో పేపర్లకెక్కిన జిల్లాలు కదా. ఉదయసముద్రానికి పోతే ఇంకో సౌకర్యముంది. ఇంట్లోవాళ్ళను ఛాయా సోమేశ్వరాలయం దగ్గర దింపవచ్చు. గర్భగుడిలో పొద్దంతా కదలకుండా పడే ఆ స్తంభం నీడ ఎక్కణ్ణుంచి వస్తుందో వాళ్ళు తేల్చుకునేలోపు మనకు రెండు గంటలు దొరుకుతాయి.

ప్లానింగ్‌లో ఎవరూ రాయని విషయం గుంతలు. మన చెరువులు పళ్ళెంలా మెల్లగా లోతుకు దిగుతాయని, నాలుగడుగులు లోపలికి పోయినా మోకాలి లోతే ఉంటుందని నా చిన్నప్పటి లెక్క. ఇప్పుడు ఆ లెక్క పనికిరాదు. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలై పూడిక తీశారు. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులున్నాయని లెక్క తేలింది కూడా అప్పుడే. ఆ ఒండ్రు మట్టిని మా నాన్న కూడా ఆరు ట్రాక్టర్లు తోలించుకున్నాడు, ఆ చెలకలో పత్తి ఎట్లా లేచిందో చూశాను. పథకాన్ని తప్పుపట్టను. కానీ తర్వాత ఇటుక బట్టీలకనీ, వెంచర్లకనీ రాత్రిపూట మట్టి తవ్వేవాళ్ళు జేసీబీతో నిలువుగా తోడి వదిలేశారు. అంచు దగ్గర నడుం లోతు, ఇంకో అడుగు వేస్తే రెండు నిలువులు. ఎండాకాలం సెలవుల్లో ఈతకు దిగిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. గాలం చిక్కుకుంటే విడిపించుకుందామని నీళ్ళలోకి దిగకండి. గాలం పది రూపాయలు. దారం తెంపేయండి. నేల ఎక్కడ ఎట్లా ఉందో వేసవిలో ఎండినప్పుడు చూసిన గొర్లకాపరికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆయనకో బీడీకట్ట ఇచ్చి కూర్చోబెట్టుకుంటే చెరువు అడుగంతా వేలితో మట్టిలో గీసి చూపిస్తాడు.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఆ ఖరీదైన రాడ్లు బావ అటక మీదున్నాయి. సన్నటి వెదురు కట్టె, నైలాన్ దారం, నెమలి ఈక కాడతో చేసిన బెండు చాలు. ఈక కాడ తేలిక, జెల్ల ముట్టినా వణుకుతుంది. జెల్లకు వానపాము, కొర్రమట్టకు చిన్న పరిగె. కాళ్ళకు మాత్రం మందం బూట్లు వేసుకోండి, కట్ట నిండా సర్కారు తుమ్మ ముళ్ళు. బండి టైరులోకి దిగితే తీయడానికి పటకారు కావాలి, నాకు రెండుసార్లయింది.

పోయినేడాది సెప్టెంబర్‌లో కాక ఫోన్ చేశాడు. ఎప్పుడూ నేనే చేస్తాను, ఆయన చేయడం అదే మొదలు. "మత్తడి దుంకుతున్నది. గాలం గీలం ఏం వద్దు, సంచి తెచ్చుకో." బావను కూడా ఎక్కించుకుని పోయాను. మేం పోయేసరికి మత్తడి కింద ఊరు ఊరంతా ఉంది. పైనుంచి ఎర్రటి నీళ్ళు మెట్లు మెట్లుగా దూకుతుంటే, కింద ఒర్రెలో చేపలు ఆ నీటికి ఎదురెక్కుతున్నాయి. ఎగిరి రాయికి తగిలి పడిపోయి మళ్ళీ ఎగురుతున్నాయి. చీరలు, దోమతెరలు, గంపలు, ఏది చేతికొస్తే దాంతో పడుతున్నారు. సంఘంవాళ్ళు మత్తడికి కట్టిన వల రాత్రి వరదకు ఒక పక్క తెగిపోయిందట. కాక కూడా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అందరితో పాటే చిన్న వల పట్టుకున్నాడు. ఏడాది సరుకు కళ్ళ ముందే పోతున్న మనిషిలా లేడు. ఉన్నాడేమో, నాకు కనబడలేదు.

బావ ప్యాంటు మడిచి దిగాడు. అరగంటలో ఒక బొచ్చె ఆయన చేతుల్లోకి వచ్చి, జారి, మళ్ళీ చొక్కాలో చిక్కింది. రెండు కిలోలకు తక్కువుండదు. పట్టుకుని నేరుగా కాక దగ్గరికి పోయాడు. ఎనిమిదేళ్ళ కింద నోట్లు లెక్కపెట్టిన చేయి జేబులోకి పోతోంది.

"ఎంతియ్యాలె కాకా?"

"ఎందుకు?"

"మీరు పోసిన పిల్లే గదా."

"మత్తడి దాటింది గదా సార్. దాటినంక ఎవరికి దొరికితే వాళ్ళదే" అన్నాడు కాక, వల మీంచి కళ్ళు తీయకుండానే.

బావ చేపను సంచిలో వేశాడు. లెక్కల మాస్టారు కదా, ఊరుకుంటాడా. "మరి దొరకనియి ఈ ఒర్రెంబడి పోయి కింది చెరువుల పడితే?"

"కింది చెరువోళ్ళయి. ఆళ్ళ పెద్దమనిషి నంబర్ గావాల్నా?"